గడపకు పసుపు, కిటికీకి దుమ్ము

ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం పెట్టిస్తాం. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మానికి మామిడాకులు కడతాం. కిటికీకి అలాంటి మర్యాదలేవీ లేవు. పండగొస్తే దానికి దక్కేది దుమ్ము తుడిచే తడిగుడ్డ ఒక్కటే. కానీ కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం ఇంట్లో ఉండేది మనమే కదా, చెప్పండి, అప్పుడు మనం వెళ్లి కూర్చునేది గడప దగ్గరా, కిటికీ దగ్గరా?

ఈ మధ్య ఏ చుట్టాలింటికి వెళ్లినా కిటికీల మాటే. మా మైలవరంలోనే కాదు, అటు నందిగామ, జగ్గయ్యపేట వైపూ అంతే. ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన డాబాలన్నింటికీ ఒక్కసారే వయసు మీద పడింది. రెక్కలు కిందికి జారి నేలకో గోడకో రాసుకుంటున్నాయి. మూల చెక్క పుచ్చింది. ఇంకేముంది, పాతవన్నీ పీకించేసి అద్దాల స్లైడింగులు పెట్టించేద్దాం అంటారు ఇంట్లో మగవాళ్లు. టేకు చెక్కను పీకుతారా అని పెద్దవాళ్లు బాధపడతారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఆ తగువు తెగకముందు నేను చేసిన పని ఒకటుంది. అసలు ఈ కిటికీలు మన ఇళ్లకు ఎలా వచ్చాయి, ఎందుకు ఇలా ఉన్నాయి అని చదివీ, అడిగీ తెలుసుకున్నాను. అది తెలిశాక ఏది మార్చాలో ఏది ఉంచాలో తేల్చుకోవడం తేలికైంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కన్నా, దారా?

బీఏలో తెలుగు చదువుకున్న అలవాటు కొద్దీ ఏ వస్తువునైనా ముందు దాని పేరు పట్టుకుని చూస్తాను. కిటికీ అన్న మాట ఉత్తరాది ‘ఖిడ్కీ’కి చుట్టం. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు రెండున్నాయి. గవాక్షం అంటే ఆవు కన్ను. వాతాయనం అంటే గాలి వచ్చే దారి. ఇంగ్లీషు ‘విండో’ కూడా పాత నార్స్ భాషలో ‘గాలి కన్ను’ అనే మాట నుంచి వచ్చిందే. కన్ను వెలుగు కోసం, చూపు కోసం. దారి గాలి కోసం. వీటికి తోడు దొంగ రాకుండా చూసే కాపలా పని కూడా కిటికీదే. ఈ పనులన్నీ ఒకదానితో ఒకటి పడవు. కాపలా గట్టిగా ఉంటే గాలి తగ్గుతుంది. చూపు బాగుంటే ఎండ లోపలికొస్తుంది. ఏ కాలంలో ఏ పని ముఖ్యమైందో కిటికీ అలా మారుతూ వచ్చింది.

గవాక్షాన్ని కళ్లతో చూడాలంటే మనకు మరీ దూరం పోనక్కర్లేదు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో 2000 ఏళ్లకు పైబడిన బౌద్ధ గుహలున్నాయి. అక్కడి గుండ్రటి చైత్య గుహ ముందు కమాను ఉంటుంది. దాన్ని కొయ్య వాసాలతో కట్టినట్టే రాతిలో చెక్కారు. లోపల కప్పు చూస్తే గుండ్రటి పూరిగుడిసెలో నిలబడి తలెత్తినట్టే ఉంటుంది. రాతి గుహకు వాసాలెందుకు? అవసరం లేదు. అంతకుముందు కొయ్యతో కట్టిన ఇళ్లలో, గుళ్లలో అలవాటైన రూపం కాబట్టి రాయిలోకి దిగినా దాన్ని వదల్లేదు. వస్తువు మారినా రూపం అలవాటుగా వెంట వస్తుందన్నమాట. మనమూ అంతే. కిటికీ మార్చేటప్పుడు పాతది ఎందుకు అలా ఉందో అడగం. అదే కొలతలో, అదే చోట కొత్తది పెట్టించేస్తాం.

చిన్న కిటికీల కాలం

మా అత్తయ్యగారు పుట్టిన ఇల్లు మట్టిగోడల పెంకుటిల్లు. గోడలు మూరెడు మందం. కిటికీలు చిన్నవి, ఎత్తులో ఉండేవి. దానికి కారణాలున్నాయి. సిమెంటు లింటల్ లేని రోజుల్లో గోడలో వెడల్పాటి ఖాళీ వదిలితే పైనున్న బరువు మోయడానికి మంచి దూలం కావాలి. దొంగల భయం ఇంకొకటి. వెలుగు కావాలంటే మండువా ఇళ్లలో నడిమి వాకిలి నుంచి వచ్చేది. మామూలు పెంకుటిళ్లలో పైకప్పుకు అక్కడక్కడ ఒక గాజు పెంకు పెట్టేవారు. మంగళూరు పెంకు అని మనం పిలిచే పెంకులను బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత అలాంటి పెంకులు దక్షిణాది అంతా పాకాయి.

చిన్న కిటికీలు మనకే అనుకోకండి. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను వేశారు. ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను. దాంతో జనం ఉన్న కిటికీలను ఇటుకలతో మూయించేసుకున్నారు. అక్కడ పన్ను భయం, ఇక్కడ దొంగ భయం. రెండు చోట్లా చీకట్లో పని చేసుకున్నది ఆడవాళ్లే.

ఆ కాలపు కిటికీలో నాకు నచ్చే తెలివి ఒకటుంది. రెక్కలు రెండు కావు, నాలుగు. పైన రెండు, కింద రెండు. అద్దం లేదు, అన్నీ పలకలే. మధ్యాహ్నం నడుం వాల్చాలంటే కింది రెక్కలు మూసి పైవి తెరిచేవారు. వీధిలో పోయేవాళ్లకు లోపలి మనిషి కనపడదు, గాలి మాత్రం ఆగదు. చూపును ఆపి గాలిని వదిలిన కిటికీ అది. ఇప్పటి అద్దాల కిటికీ దానికి సరిగ్గా ఎదురు. చూపును వదిలి గాలిని ఆపుతుంది. ఇక మనం దానికి పరదా కట్టి ఆ చూపు కూడా ఆపేస్తాం!

వంటింటి పొగ

అన్నింటికంటే అన్యాయం జరిగింది వంటింటికి. కట్టెల పొయ్యి, పిడకలు, ఊదుగొట్టం. పొగ పోవడానికి పెంకుల మధ్య సందు, లేదా చూరు కింద చిన్న కన్నం. కాస్త కలిగిన ఇళ్లలో పొగగూడు. పాత ఇళ్లలో వంటింటి గోడల నలుపు చూసినవాళ్లకు ఆ ఇంటి ఆడవాళ్ల ఊపిరితిత్తులు ఎలా ఉండేవో చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మ దగ్గు మాకు తెల్లవారుజాము గంటలాంటిది. అది వయసు దగ్గు అనుకునేవాళ్లం.

దీని గురించి పట్టించుకున్న ఇంజనీరు ఒకాయన మన పక్కనే ఉన్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధన శాలకు చెందిన ఎస్.పి. రాజు గారు. పొగ గొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారుచేసి, కోట్లాది ఇళ్లకు పొగలేని వంటిల్లు కావాలంటూ 1953లో ఇంగ్లీషులో చిన్న పుస్తకం వేశారు. పెద్ద ఆనకట్టల రోజుల్లో ఒక ఇంజనీరు వంటింటి పొగ గురించి ఆలోచించడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1999లో, మన రాష్ట్రంలో దీపం పథకం కింద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చింది.

గ్యాస్ వచ్చింది కాబట్టి పొగ పోయింది, ఇక వంటింటికి కిటికీ ఎంతుంటే ఏం అనుకోవడానికి లేదు. తాలింపు ఘాటు, నూనె ఆవిరి, గ్యాస్ మంట విడిచే వాయువులు అక్కడే ఉంటాయి. పొయ్యి మారింది కానీ చాలా ఇళ్లలో వంటింటి కన్నం మాత్రం కట్టెల పొయ్యి నాటి కొలతలోనే ఉండిపోయింది. గుంటుపల్లి వాసాల్లాగే!

రంగూన్ టేకు, సిమెంటు చట్రం

పెద్దవాళ్లు ‘ఇది రంగూన్ టేకు’ అని కిటికీని తట్టి చూపిస్తారే, దాని వెనక పెద్ద కథే ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన కోస్తా నుంచి వేలమంది కూలి కోసం ఓడలెక్కి బర్మా వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. మనుషులు అటు వెళ్తే బియ్యం, టేకు ఇటు వచ్చేవి. తమిళనాడులో చెట్టినాడు భవంతులన్నీ ఆ బర్మా టేకు వైభవమే. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వాళ్ల చేతికి చిక్కడంతో ఆ దారి మూసుకుపోయింది. ఎంతోమంది తెలుగువాళ్లు అడవుల్లో నడిచి ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చారు. అందుకే పాత ఇంటి టేకు కిటికీని చెక్క ముక్కగా చూడలేను నేను. చెట్టినాడులో అమ్ముడుపోయిన ఇళ్ల తలుపులు, కిటికీలు కారైక్కుడి పాత సామాన్ల కొట్లలో వరసగా నిలబెట్టి ఉంటాయి. ఇంట్లోవాళ్లు వద్దనుకున్న చెక్క కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొనుక్కుపోతారు.

తర్వాత అడవులు తరిగాయి, టేకు ధర పెరిగింది. ఒక దశలో కేంద్ర ప్రజాపనుల శాఖే తన కట్టడాల్లో చెక్క వాడడం ఆపేసింది. 1993లో పెట్టిన ఆ నిషేధాన్ని 2020లో తీసేశారు. ఈలోగా సామాన్యుడి ఇంట్లోకి సిమెంటు వచ్చింది. 1982కు ముందు సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ ఉండేది. పర్మిట్ కోసం తిరిగిన కథలు మా మామయ్యగారు చెప్పేవారు. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఆ నియంత్రణ ఎత్తేశారు. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి ఉండనే ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలూ వచ్చాయి. లింటల్ పోస్తే ఎంత వెడల్పు కిటికీ అయినా గోడ ఆగుతుంది. దాంతో కిటికీలు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. చెక్క కొనలేనివాళ్లు సిమెంటు చట్రం పెట్టించారు. కిటికీ పెద్దదైతే దొంగ భయమూ పెద్దదవుతుంది కాబట్టి ఇనుప గ్రిల్లు వచ్చింది.

దోమ వచ్చి జాలీ తెచ్చింది

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి మన మెట్ట దాకా వచ్చింది. నీళ్లతో పంట వచ్చింది, పంటతో డాబా వచ్చింది. నిలవ నీళ్లున్న చోటికి దోమా వచ్చింది.

మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. కిటికీకి సంబంధించిన అసలు ముచ్చట ఆ తర్వాతది. 1900లో సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు ఇటలీలో మలేరియా విపరీతంగా ఉండే ఓస్టియా దగ్గర ఒక చెక్క ఇంట్లో ఆ సీజనంతా కాపురం పెట్టారు. మందు మింగలేదు. కిటికీలకూ తలుపులకూ సన్నని జాలీ బిగించి, పొద్దు గూకేసరికి లోపలికి వచ్చేసి, తెల్లవారాక బయటికి వెళ్లేవారు. అంతే. చుట్టుపక్కల జనమంతా జ్వరాలతో పడుతుంటే వాళ్లకు మాత్రం రాలేదు. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, కేసులు బాగా తగ్గి, మళ్లీ 1976 నాటికి 64 లక్షలకు చేరాయి. మందు చల్లడం మీదే ఆధారపడకూడదని అప్పుడు తెలిసింది. మన కిటికీలకు జాలీ ఒక అలంకారంగా రాలేదు, పిల్లల ప్రాణాల కోసం వచ్చింది.

అయితే జాలీ కూడా గాలిలో కొంత వాటా తీసుకుంటుంది. దుమ్ము పట్టిన జాలీ ఇంకా ఎక్కువ. నెలకోసారి కడగడానికి వీలుగా ఊడొచ్చే చట్రంలో ఉంటేనే దానివల్ల లాభం.

అద్దం వచ్చింది, గాలి సగమైంది

1959లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ ఒక కొత్త పద్ధతి ప్రకటించింది. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలనిస్తే రెండు వైపులా నున్నగా, అల లేకుండా పెద్ద పలక తయారవుతుంది. అద్దం చవకైంది ఆ తర్వాతే. 1950లలో జర్మనీలో ప్లాస్టిక్ కిటికీ చట్రాలు మొదలయ్యాయి. వాటినే ఇప్పుడు మనం యూపీవీసీ అంటున్నాం. అల్యూమినియం, యూపీవీసీ రెండూ చెద పట్టవు, రంగు అడగవు. ఏసీ పెట్టిన గదికి సందుల్లేకుండా మూసుకుంటాయి. వాటి మంచి వాటిది.

కానీ ఒక చిన్న లెక్క చెప్తాను, స్లైడింగు పెట్టించాలనుకునే ప్రతి ఇల్లాలూ వినాలి. రెండు పలకల స్లైడింగు కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. ఒక పలక ఇంకో పలక వెనక్కి పోతుందే తప్ప గోడలోకి పోదు కదా! కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒకటి తెచ్చింది. పెద్ద కట్టడాల కోసం పెట్టిందే అయినా అందులో లెక్క మనకు పనికొస్తుంది. వేడీ తేమా కలిసిన ప్రాంతంలో నేల వైశాల్యంలో ఆరో వంతు మేర బయటికి తెరుచుకోవాలి అంటుంది. ఉన్న కిటికీ కొలత కాదు, తెరుచుకునే కొలత. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది అనుకోండి. 120 చదరపు అడుగులు. ఆరో వంతు 20. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు రెక్కల కిటికీ ఉంటే సరిపోయింది. అదే చోట అదే కొలతలో స్లైడింగు పెట్టిస్తే మిగిలేది 10. గదికి వచ్చే గాలి దారిలో సగం మూయడానికి మనమే డబ్బులిచ్చినట్టు.

వేసవిలో వాతావరణ వార్తల్లో మన నందిగామ, జగ్గయ్యపేట పేర్లు ఎన్నిసార్లు వింటామో మీకు తెలుసు. ఏసీ ఉన్న గది ఒకటుంటే, లేని గదులు మూడుంటాయి. కరెంటు పోతే అన్నీ ఒకటే.

మార్చే ముందు మేం చూసుకున్నవి

మా ఇంటి కిటికీలు ఇంటికంటే పెద్దవి. 1984లో మామయ్యగారు డాబా కట్టినప్పుడు, పడగొట్టిన పాత పెంకుటింటి కిటికీలు కొన్ని తెచ్చి ఇందులో పెట్టారు. మొత్తం పదకొండు. మావారు అన్నీ మార్చేద్దామన్నారు. అత్తయ్యగారు ఒక్కటి కూడా కదపొద్దన్నారు. ‘‘అన్నీ ఒకటే రోగం కాదు కదండీ, ఒక్కోదాన్ని చూద్దాం’’ అన్నాను. వడ్రంగి మేస్త్రీగారిని పిలిపించి, నోటుపుస్తకం పట్టుకుని ప్రతి కిటికీ దగ్గరా నిలబడ్డాం. ఆయన చూసిన పద్ధతి మీకూ పనికొస్తుంది.

స్క్రూడ్రైవరుతో చట్రం అడుగు మూలలో, రెక్క కింది పట్టీలో గట్టిగా పొడవాలి. వాన నీళ్లు నిలిచేది అక్కడే. దిగకపోతే చెక్క బాగున్నట్టు. మెత్తగా దిగితే పుచ్చింది. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తే, గోడ వెంట మట్టి గీతలుంటే చెద. రెక్క జారిందంటే చాలాసార్లు తప్పు చెక్కది కాదు, బందులది. బందులు మారిస్తే చాలు. అద్దం గలగలమంటే లప్పం ఎండి రాలిపోయింది, కొత్తది పెడితే సరి. వానాకాలంలో రెక్క బిగుసుకుందని అప్పుడే చిత్రిక పట్టించకండి. చెక్క తేమకు ఉబ్బింది. అప్పుడు గీయిస్తే వేసవిలో సందు పడుతుంది.

‘‘ఏడింటికి నా పని చాలమ్మా, రెండింటికి రెక్కలు కొత్తవి కావాలి, రెండు మాత్రం చట్రంతో సహా పోయాయి’’ అని తేల్చారు మేస్త్రీగారు. పూర్తిగా పోయిన రెంటిలో ఒకటి వంటింటిది. అప్పుడు నేనొక మాట అడిగాను. ఎలాగూ గోడ తవ్వుతున్నాం కదా, వంటింటి కిటికీని పాత కొలతలోనే ఎందుకు పెట్టాలి? రెండడుగులది నాలుగడుగులు చేస్తే? మావారు ఖర్చు లెక్క వేశారు. మిగిలిన తొమ్మిదింటిలో ఆదా అయిన దాంట్లో అది ఎంత అని పక్కన రాసి చూపించాను. అత్తయ్యగారు అప్పటిదాకా ఏమీ అనలేదు. చివరికి, ‘‘మీ అమ్మమ్మకి ఆ కిటికీ ఉంటే ఇంకో పదేళ్లు బతికేది’’ అన్నారు మావారితో. ఇక ఎవరూ మాట్లాడలేదు. కిటికీ నాలుగడుగులైంది.

పని చేయించేటప్పుడు

ఎప్పుడు అంటే, సంక్రాంతి వెళ్లి మాఘమాసం రాగానే. చెక్క ఆరి ఉంటుంది, వాన భయం ఉండదు, ఎండలు ముదరకముందే గాలి దారి సిద్ధమవుతుంది. ఒకేసారి ఇల్లంతా తవ్వించొద్దు. ఒక గది పూర్తయ్యాకే ఇంకో గది. రాత్రికి కిటికీ ఖాళీగా ఉండే పని పొద్దున్నే మొదలుపెట్టించాలి.

కొలత మూడు చోట్ల తీయించండి, పైన, మధ్యలో, కింద. మూడింటిలో చిన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పాత గోడ ఎక్కడా తిన్నగా ఉండదు. మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత గోడల్లో పైబరువు కొంత చట్రమే మోస్తూ ఉండొచ్చు. ఆనుకోవడానికి ఏదీ పెట్టకుండా పీకితే గోడ దిగుతుంది. చట్రం గట్టిగా ఉంటే దాన్ని ఉంచి రెక్కలు మాత్రమే మార్చుకోవడం మేలు. కిటికీ అడుగు గోడ బయటికి వాలుగా ఉండాలి. స్లైడింగు పెట్టిస్తే పట్టాలో చెంబుడు నీళ్లు పోసి చూడండి. బయటికి పోవాలి, గదిలోకి రాకూడదు. మేస్త్రీ వెళ్లకముందే ఈ పరీక్ష చేయాలి.

పాత రంగు గీకించేటప్పుడు చిన్నపిల్లలను, కడుపుతో ఉన్నవాళ్లను ఆ దరిదాపులకు రానివ్వకండి. పాత రంగుల్లో సీసం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసినవాటికి ఆ భరోసా లేదు. పొడి దుమ్ము లేపకుండా తడిపి గీకించి, ఆ పెచ్చులు మూటగట్టి దూరంగా పారేయించాలి.

అన్నింటికంటే ముఖ్యమైంది గ్రిల్లు. దొంగ రాకూడదని నాలుగు వైపులా వెల్డింగు చేయించేస్తాం. రాత్రిపూట నిప్పంటుకుని గుమ్మం దారి మూసుకుపోతే లోపలివాళ్లు ఎటు పోవాలి? పడగ్గదుల్లో ఒక్కో గ్రిల్లయినా తలుపులా తెరుచుకునేలా చేయించి, తాళంచెవి లోపల అందరికీ తెలిసిన చోట, బయటి చెయ్యి అందని చోట వేలాడదీయండి. మేం రెండు గదుల్లో అలా చేయించాం. పిల్లల చేత ఒకసారి తీయించి చూశాను కూడా.

వస్తువుల్లో ఏది గొప్ప అని అడుగుతారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచింది. మన మైలవరం కొండల దగ్గర పుట్టిన వాగే అది. సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మా చిన్నాడపడుచు ఇల్లూ అక్కడే. నీళ్లు తీశాక చూస్తే పొట్టును అతికించి చేసిన చెక్క రెక్కలు పొరలు పొరలుగా విడిపోయాయి. ఇనుప చట్రాలకు తుప్పు పట్టింది. యూపీవీసీ చెక్కుచెదరలేదు కానీ పట్టాల నిండా బురద గట్టిపడి కదల్లేదు. టేకు ఉబ్బి, నీడలో నెల ఆరాక మళ్లీ మూసుకుంది. ఏ వస్తువూ అన్నింటికీ పనికిరాదు. ఎక్కడ ఏ పని ఉందో చూసి అది పెట్టుకోవాలి. మా ఇంట్లో ఏసీ గదికి, పడమటి వాన కొట్టే వైపు ఉన్నదానికి యూపీవీసీ రెక్కలు వేయించాం, స్లైడింగు కాదు, పూర్తిగా తెరుచుకునేవి. మిగతావి పాత టేకే.

మీ ఇంట్లోనూ ఈ మాట వచ్చినప్పుడు కొటేషన్ తెప్పించడానికి ముందు ఒక రోజు నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి. ఏ కిటికీ ఏ వేళకి తెరుస్తారు, ఎందుకు మూస్తారు, ఏది ఎప్పుడూ తెరవరు, ఎందుకు తెరవరు అని రాయండి. దోమా, ఎండా, పక్కింటి చూపా, జారిన రెక్కా? కారణం రాసుకుంటే మందు దానంతట అదే తెలుస్తుంది. ఆ కాగితం మీరే రాయాలి. ఎందుకంటే మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో గాలి ఆడుతుందో లేదో మేస్త్రీకి తెలియదు, షాపువాడికి తెలియదు, సాయంత్రం ఇంటికొచ్చే మనిషికీ తెలియదు. మనకు తెలుసు.